రిజిస్టరులో సంతకం, ట్యాంకు పైభాగంలో వేడి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా పీహెచ్‌డీ దేని మీదో అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పమని నిర్వాహకులు అడిగారు. థీసిస్ పేరు చదివితే సగంమంది ఇప్పుడే భోజనాలకు లేస్తారు. అందుకని పేరు వదిలేసి పని గురించి చెబుతాను.

ఫ్యాక్టరీలు, మిల్లులు, ఆసుపత్రులు పాటించాల్సిన నిబంధనలు చాలా ఉంటాయి. అవి అమలవుతున్నాయా లేదా చూసుకునే పనిని కాంప్లయన్స్ అంటారు. ఎక్కువచోట్ల అదొక జాబితా. ఎదురుగా టిక్కు, కింద సంతకం. నిబంధన ఎందుకు అమలు కావడం లేదు, దేన్ని మారిస్తే అమలవుతుంది అన్నది నేను వెతుకుతున్నాను. దీన్ని కారణ విశ్లేషణ అంటాం. పల్లె నుంచి వచ్చే పిల్లలు రోజూ మొదటి పీరియడ్‌కు ఆలస్యమవుతుంటే గోడకుర్చీ వేయించడం ఒక పద్ధతి. ఆ ఊరి ఆర్టీసీ బస్సు ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడం ఇంకో పద్ధతి. (సార్లు నవ్వుతున్నారు గనుక ధైర్యంగా ముందుకు పోతున్నాను.)

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై, పక్కనున్న వెంకటాపురం మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే దానంతటదే పాలిమర్‌గా మారుతుంది, ఆ మార్పులో ఇంకా వేడి పుడుతుంది. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ ఆగి ఉంది, ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. ఉష్ణోగ్రత కొలిచే మీటరు ట్యాంకు అడుగున ఒక్కటే. 2019 డిసెంబరులో పైపుల అమరిక మార్చాక ట్యాంకులో ద్రవం పైకీ కిందికీ సరిగా కలవలేదు. అడుగున చల్లగా ఉంది, పైన కాగింది. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం కాగానే ఆపేసేవారు. ఈ మార్పును అడ్డుకునే రసాయనం నిల్వ చాలినంత లేదు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే చోట్లు 36 ఉన్నా ఆ రాత్రి సైరన్ మోగలేదు.

ఉష్ణోగ్రత కొలిచి రాయాలన్నది నిబంధన అనుకుందాం. అడుగున కొలిచి రాస్తే టిక్కు పడుతుంది. రాసిన అంకెలో అబద్ధమేమీ ఉండదు. ప్రమాదం మాత్రం అది కొలవని చోట పెరుగుతూ ఉంటుంది. ఇలాంటి చోట ఇంకో సంతకం, ఇంకో తనిఖీ చేర్చితే ఏం లాభం? పైన ఒక మీటరు ఉంటే ఏమయ్యేది, పైపులు మార్చకపోతే ఏమయ్యేది, రాత్రి కూడా చల్లబరిచి ఉంటే ఏమయ్యేది అని ఒక్కొక్కటీ అడగాలి. నా పనిలో బాణం గుర్తులతో గీసే బొమ్మలన్నీ ఈ ప్రశ్నలవే.

ఇందులో ఒక చిక్కుంది. ఎక్కువ తనిఖీలు జరిగిన ఫ్యాక్టరీల్లోనే ఎక్కువ ఉల్లంఘనలు కనిపిస్తాయి. అంటే తనిఖీలే చెడగొట్టాయనా? దవాఖానకు ఎక్కువసార్లు పోయినవాళ్లే ఎక్కువ జబ్బుగా ఉంటారు, దవాఖానే జబ్బు తెచ్చిందని ఎవరూ అనరు. అధికారులు అనుమానం ఉన్నచోటికే పోతారు మరి. ఈ చిక్కు విప్పాలంటే చీటీలు తీసినట్టు కొన్ని ఫ్యాక్టరీలను ఎంచి, వాటిలోనే పద్ధతి మార్చి, మిగతావాటితో పోల్చాలి.

గుజరాత్‌లో సరిగ్గా ఆ పని జరిగింది. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి చేశారు. అక్కడ ఫ్యాక్టరీ కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకుని, ఫీజు కూడా తానే ఇచ్చేది. నివేదికల్లో అంకెలు చాలావరకు పరిమితికి కొద్దిగా కింద వచ్చి ఆగేవి. అసలు కాలుష్యం అంతకంటే ఎక్కువ. ప్రయోగంలో ఆడిటర్‌ను లాటరీ ద్వారా కేటాయించారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్నిచోట్ల మళ్లీ కొలిచి సరిచూశారు. తప్పుగా ‘అంతా బాగుంది’ అని రాయడం 80 శాతం తగ్గింది. ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. 2013లో ఇది అచ్చయింది.

ఆ బృందమే 2018లో ఇంకో ఫలితం ప్రచురించింది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. కొన్ని ఫ్యాక్టరీల్లో తనిఖీలు రెట్టింపుకు మించి పెంచారు. పట్టుబడిన ఉల్లంఘనలు పెరిగాయి, సగటు కాలుష్యం మాత్రం పెద్దగా తగ్గలేదు. బాగా చెడ్డ ఫ్యాక్టరీలు ఏవో అధికారులకు ముందే తెలుసు, వాటికి ముందే పోతున్నారు. కొత్త తనిఖీల్లో దొరికినవి ఎక్కువగా చిన్న తప్పులు, వాటికి పెద్ద శిక్షలు పడలేదు. ఏ ప్రమాదం జరిగినా మనం మొదట అడిగేది ‘తనిఖీలు పెంచండి’ అని. ఆ మాట ఎప్పుడూ తప్పని నేననను. కారణం చూడకుండా అంటే మాత్రం డబ్బూ, అధికారుల సమయమూ దండగ.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లులున్నాయి, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఈ హాల్లో వాటిలో పనిచేసేవాళ్లు, వాటిని నడిపేవాళ్లు, వాటి పక్క ఊళ్లలో ఉండేవాళ్లు అందరూ ఉన్నారు. దుమ్ములో పనిచేసే హమాలీకి మాస్కు ఇచ్చినట్టు రిజిస్టరులో సంతకం ఉంటుంది, ముఖానికి మాస్కు ఉండదు. అవగాహన లేదంటాం. బస్తాల లెక్కన కూలి వచ్చేవాడు, ఎండాకాలం, బరువు మోస్తూ గుడ్డలోంచి ఊపిరి పీల్చాలంటే బస్తాలు తగ్గుతాయి. కారణం కూలి లెక్కలో ఉందా, మాస్కు రకంలో ఉందా, నిజంగానే తెలియకపోవడంలో ఉందా? మూడింటికీ మందు వేరువేరు. జరిమానా ఈ మూడింటిలో ఒక్కదానికైనా మందేనా అన్నది నా సందేహం.

నేనిప్పుడు ఆ సమాచారం సేకరించే దశలో ఉన్నాను. భద్రత రిజిస్టర్లు, మరమ్మతుల పుస్తకాలు, త్రుటిలో తప్పిన ప్రమాదాల వివరాలు కావాలి. కాగితాల్లోకి ఎక్కనివి నోటిమాటగా చెప్పినా రాసుకుంటాను. పేర్లు, మిల్లు గుర్తులు ఎక్కడా బయటికి రావు. చెప్పాలనుకున్నవాళ్లు భోజనాల దగ్గర కలవండి, నేను పుస్తకం తెచ్చుకున్నాను.