ఉదయం వార్తలు: ఆటలు, అవస్థలు, ఊరి కబుర్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం)

 

కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అదీ ప్రార్థనకీ టిఫినుకీ మధ్యన. మన చిన్నప్పుడు ఈ వేళకి ఊళ్లో అందరిచేతా మాట వినిపించుకున్నది రేడియో ఒక్కటే. అందుకని ఇవాళ నేనూ రేడియోలాగే మాట్లాడతాను. ఒక్కటే తేడా, నన్ను కట్టెయ్యడానికి మీ దగ్గర మీట లేదు.

ఈ తరం పిల్లలకి కాస్త చెప్పాలి. పొద్దున 6.55కి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు వచ్చేవి. ‘సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః.’ ఐదు నిమిషాల వార్తల్లో మనకి తెలిసింది ఆ ముక్క ఒక్కటే. అయినా ఊరంతటికీ నోటికొచ్చు. తర్వాత 7.05కి తెలుగు వార్తలు, అద్దంకి మన్నార్ గారి గొంతు. గోడ గడియారం లేని ఇళ్లల్లో టైము చెప్పింది ఈ గొంతులే. సంస్కృతం మొదలైతే వేపపుల్ల నోట్లో ఉండాలి. తెలుగు అయ్యేసరికి చద్దన్నం గిన్నె ఖాళీ కావాలి. అప్పటికీ ఇంట్లోనే ఉన్నామంటే బడి గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు వేరే వార్తలు చదివేవారు.

ఇంజనీరుని కాబట్టి ఒక్క సాంకేతిక విషయం చెప్పి ముందుకి వెళతాను. ట్రాన్సిస్టర్ లోపల పెన్సిలంత నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. దానికి సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. మీడియం వేవ్‌కి అదే ఏరియల్. కడ్డీ స్టేషనుకి అడ్డంగా ఉంటే గొంతు ఖంగున వస్తుంది. కడ్డీ కొన స్టేషన్ వైపు తిరిగితే గొంతు నీరసపడుతుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవకుండానే మన రచ్చబండ మీది తాతలు రేడియో మొహాన్ని విజయవాడ వైపు తిప్పి పెట్టుకునేవాళ్లు. మనం దాన్ని భక్తి అనుకున్నాం. అది ఫిజిక్స్.

ఇక వార్తలు. ముందుగా ఆటలు.

1983 జూన్ 18, శనివారం. ఇంగ్లండులో టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊళ్లో జింబాబ్వేతో ప్రపంచ కప్ మ్యాచ్. మనవాళ్లు 17 పరుగులకి ఐదు వికెట్లు పోగొట్టుకున్నారు. కపిల్‌దేవ్ 175 కొట్టి, ఔట్ కాకుండా నిలబడ్డాడు. మ్యాచ్ 31 పరుగులతో గెలిచాం.  మైదానంలో టీవీ కెమెరా లేదు. కాబట్టి ఆ ఇన్నింగ్స్ వీడియో ఇప్పటికీ ఎక్కడా దొరకదు. కోట్ల మంది గొప్పగా చెప్పుకునే ఆటని మైదానంలో ఉన్న కొద్దిమంది తప్ప ఎవరూ చూడలేదు.

అయితే ఏం? మర్నాడు ఆదివారం మన బడి గ్రౌండులో ఆ మ్యాచ్ మళ్లీ జరిగింది. ఇరవై మంది పిల్లలం, ఇరవై మందీ కపిల్‌దేవ్‌లే. జింబాబ్వేగా ఉండటానికి ఒక్కడు దొరకలేదు. చివరికి బ్యాటు ఎవరిదో వాడు ‘బౌలింగ్ చెయ్యనివాడికి బ్యాటింగ్ లేదు’ అని తీర్మానం చేశాక గానీ ఆట మొదలవలేదు. వారం తిరిగేసరికి, జూన్ 25న, లార్డ్స్‌లో మనవాళ్లు 183కే ఆలౌటై కూడా వెస్టిండీస్‌ని 140కి కట్టేశారు. ఆ మర్నాడు గ్రౌండులో జట్టు జట్టంతా మొహిందర్ అమర్‌నాథ్.

నేను చెప్పేది ఏమిటంటే, రేడియో మనకి ఆట వినిపించింది అంతే. విన్నది నిజం చేసుకోవడానికి ఇంటికి నాలుగడుగుల దూరంలో చోటు ఉంది. చోటు లేకపోతే అది మన ఆట అయ్యేది కాదు. మామూలు వార్తగా మిగిలిపోయేది.

ఇప్పుడు అవస్థలు. నిన్న సాయంత్రం జరిగిన పాత విద్యార్థులు, పదో తరగతి పిల్లల క్రికెట్ మ్యాచ్ విశేషాలు. మన జట్టు సగటు వయసు యాభై మూడు, సగటు నడుము కొలత నేను ప్రకటించను. నా అవతల ఎండులో ఉన్న మిత్రుడు, ఇప్పుడు మూడో వరసలో తల దించుకుని ఉన్నాడు, బంతి కొట్టి ‘రా రా రా’ అన్నాడు. నేను వెళ్లాను. సగం దూరం వెళ్లాక ‘వద్దు వద్దు వద్దు’ అన్నాడు. ఈ వయసులో మా బ్యాచ్‌వాళ్లకి ముందుకి పరుగెత్తడం వచ్చు, ఆగడం వచ్చు. వెనక్కి తిరగడానికి మాత్రం ముందురోజు నోటీసు కావాలి. వికెట్లు లేపేసిన అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘సారీ అంకుల్’ అంది. రనౌట్ కన్నా ఆ అంకుల్ దెబ్బ గట్టిది.

మోకాలి సంగతి చూసిన డాక్టరుగారు రోజూ నడవమన్నారు. మా అమ్మాయి అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిచ్చింది. ఆ వాచీకి కాళ్లు కనపడవు. చెయ్యి ఊగితే దాన్నే నడక అనుకుంటుంది. మొన్న ఆదివారం మా ఆవిడ గోంగూర పచ్చడి రోట్లో నూరమంది. అరగంట నూరాను. వాచీ గలగలమని మోగి ‘నేటి లక్ష్యం పూర్తయింది, అభినందనలు’ అంది. అప్పట్నుంచి మా ఇంట్లో నా ఆరోగ్యం కోసం వారానికి రెండు పచ్చళ్లు.

నవ్వుకున్నాం గదా. నిజమైన బరువు ఎత్తినవాళ్ల గురించి ఒక మాట. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. 130 కిలోలంటే నిండు గ్యాస్ సిలిండర్లు నాలుగు పైనే. మనం ఒక్కటి జరపడానికి పక్కింటివాళ్లని పిలుస్తాం. అలాగే సయ్యద్ అబ్దుల్ రహీం గారు. మన దేశపు ఫుట్‌బాల్ జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికీ నడిపించిన కోచ్. ఆయన హైదరాబాదులో బడిపంతులు. ఇక్కడ కూచున్న మాస్టార్లు, టీచరమ్మలు ఈ వార్త మరోసారి వినాలని మనవి.

చివరిగా స్థానిక వార్తలు.

మన గ్రౌండు ఒకప్పుడు వేపచెట్ల దగ్గర మొదలై కాలవగట్టు దాకా ఉండేది. చెడుగుడు ఒక మూల, ఖోఖో ఒక మూల, మధ్యలో క్రికెట్టు. తర్వాత అదనపు గదులు వచ్చాయి. అవి కావలసినవే. నీళ్ల ట్యాంకు వచ్చింది, అదీ కావలసిందే. అలా కావలసినవన్నీ వచ్చాక మిగిలింది ఎంతో నిన్న పొద్దున టేపు పట్టుకుని కొలిచాను. 13 మీటర్లకి 10 మీటర్ల కబడ్డీ కోర్టు ఒకటి, 18కి 9 వాలీబాల్ కోర్టు ఒకటి, చుట్టూ పిల్లలు నిలబడే జాగాతో సహా పక్కపక్కన పడతాయి. మూడోది పడదు.

స్వర్ణోత్సవాల గుర్తుగా ఒక స్మారక మంటపం కట్టాలని మన సంఘం అనుకుంటోంది. ప్లాను చూశాను. ఫలకం మీద దాతలందరి పేర్లూ ఉన్నాయి, నాది కూడా ఉంది, సంతోషం. కానీ ఆ మంటపం వచ్చేది సరిగ్గా ఆ రెండు కోర్టులు పడే చోటే. ఏడాదికి ఒక్కరోజు మనం వచ్చి దాని మీద కూచుంటాం. మిగతా 364 రోజులు పిల్లలు దాని చుట్టూ తిరిగి వెళతారు.

పెద్దల ప్రయత్నాన్ని తక్కువ చెయ్యడం లేదు. చందాల కోసం మూడేళ్లు ఊరూరా తిరిగిన కార్యదర్శిగారి కష్టం నాకు తెలుసు. నాది ఒక్కటే మనవి. పాత సైకిల్ షెడ్డు కప్పు కూలిపోయి ఖాళీగా పడి ఉంది. మంటపం అక్కడ కడదాం. డ్రాయింగులు నేను ఉచితంగా గీసిస్తాను. పునాది నుంచి శ్లాబు దాకా దగ్గరుండి చూస్తాను. మిగిలిన డబ్బుతో రెండు కోర్టులకి ఎర్రమట్టి, ఒక నెట్టు, సాయంత్రం ఆటకి నాలుగు దీపాలు. ఫలకం మీద నా పేరు తీసేసినా ఫరవాలేదు. నన్ను రనౌట్ చేసిన ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చే ఏడు కూడా పరుగెత్తడానికి చోటుండాలి.

మన సంఘం వయసూ నా వయసూ ఇంచుమించు ఒకటే. ఇద్దరం కట్టడాల మీద కన్నా కదిలే కాళ్ల మీద ఖర్చు పెట్టుకోవలసిన వయసు.

సర్వసభ్య సమావేశం సాయంత్రం నాలుగింటికి. ఈ విషయం అక్కడ ఓటుకి వస్తుంది. గ్రౌండు గ్రౌండుగానే ఉండాలనుకునేవాళ్లు చేతులెత్తండి. మోకాళ్లు సహకరించకపోయినా మన బ్యాచ్‌వాళ్లకి చేతులు ఇంకా బాగానే లేస్తాయి.