చిన్నబిడ్డలవలె అంగీకరించుట



పిల్లలకు పెద్దలు ఏమి నేర్పవలెనో మనము చాలాసార్లు మాట్లాడుకొన్నాము. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టరు పట్టణములో రాబర్ట్ రైక్స్ బీదపిల్లలకు ఆదివారపు బడి పెట్టించిన నాటినుండి ఆ పని జరుగుచునే ఉన్నది. నేడు నాకిచ్చిన అంశము దానికి తలక్రిందులు. విశ్వాసములోని ఆనందమును పిల్లలయొద్ద పెద్దలు నేర్చుకొనవలెనట.

ముందుగా ఒక మాట ప్రక్కన పెట్టుదము. పిల్లలు కల్లాకపటమెరుగని దేవదూతలని ప్రసంగములలో వినుచుందుము. అట్లనువారు ఇద్దరు పిల్లల మధ్య ఒక్క జామకాయ పెట్టి చూడవలెను. ప్రభువునకు ఈ సంగతి బాగుగా తెలియును. సంతవీధిలో కూర్చుండి, మేము పిల్లనగ్రోవి ఊదినా మీరు ఆడలేదని తోటివారిమీద అలిగే పిల్లలను ఆయన ఎరుగును. తన తరమువారిని వారితోనే పోల్చెను. కాబట్టి మార్కు సువార్త 10వ అధ్యాయములో ఆయన ముందు పెట్టినది పిల్లల మంచితనమును కాదు.

మరి దేనిని? ఆ సంగతినే వ్రాసిన లూకా, ఆయనయొద్దకు తెచ్చినది శిశువులను అని చెప్పుచున్నాడు. చంకబిడ్డలన్నమాట. వాక్యము కంఠస్థము చేయలేరు, కానుక వేయలేరు, కమిటీలో కూర్చుండలేరు. ఇచ్చినది పుచ్చుకొనుట ఒక్కటే వారికి తెలియును. దేవుని రాజ్యమును అట్లు అంగీకరించుమనెను.

ఇది మనకు కష్టము. క్రిస్మసుకు ప్రక్కింటివారు గిన్నెనిండ అరిసెలు పంపితే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపము. గుప్పెడు పంచదారైనా పోసి పంపుదుము. మంచి మర్యాదయే, మానుకొమ్మని నేననను. అయితే ఆ మర్యాదనే దేవుని సన్నిధికి కూడ తీసుకొనిపోయి, ఆయన కృపకు బదులుగా గిన్నెలో ఏమి పోయుదుమా అని ఏండ్ల తరబడి లెక్క చూచుకొనుచుందుము. ఆ లోపల అరిసెలు గట్టిపడిపోవును. ఇంటిలోని పిల్లవాడు ఏమి చేయును? గిన్నె వంటింటికి చేరకముందే ఒకటి నోట పెట్టుకొని, రెండవది చేత పట్టుకొని, “ఎవరు పంపారమ్మా?” అని అడుగును. ముందు రుచి, తరువాత ఇచ్చినవారి పేరు. మన భక్తిలో ఈ వరుస తప్పినది గనుకనే ముఖములలో కళ లేదని నాకు తోచును.

పుచ్చుకొనుట తెలిసినవారికి ఇచ్చుటయు బరువు కాదు. 1805లో విశాఖపట్నమునకు మిషనెరీలను పంపిన లండన్ మిషనెరీ సొసైటీవారికి దక్షిణ సముద్ర ద్వీపములలోను సేవ యుండెను. ఆ సేవలో జాన్ విలియమ్స్ 1839లో ఎర్రొమాంగా ద్వీపమున చంపబడెను. అటుపిమ్మట పిల్లలు పోగుచేసిన చిల్లరడబ్బులు 6,000 పౌండ్లు దాటగా, 1844లో ఆయన పేరనే ఒక ఓడ సిద్ధమై ఆ ద్వీపములకు వెళ్లెను. మన ఇండ్లలోను, పిడికెడు బియ్యము తీసిపెట్టునపుడు, “నేను వేస్తాను, నేను వేస్తాను” అని చేయి చాచునది ఎవరో తల్లులకు తెలియును.

అయితే ఆనందమనగా నవ్వులు, చప్పట్లు మాత్రమేనా? రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయములో నయమాను ఇంటనున్న చిన్నదానిని జ్ఞాపకము చేసికొనుడి. ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టబడినది. పేరైనను వ్రాయబడలేదు. ఆమె నవ్వెనని గ్రంథము చెప్పదు. తల్లిని తలంచుకొని ఎన్ని రాత్రులు ఏడ్చెనో. అయినను తనను చెరలో ఉంచుకొన్న ఇంటి యజమానుడు బాగుపడవలెనని కోరినది, ప్రవక్తయొద్దకు వెళ్లినయెడల బాగుపడునని చెప్పినది. అదే అధ్యాయములో ఇశ్రాయేలు రాజును చూడుడి. ప్రవక్త తన దేశములోనే ఉన్నాడు. అయినను సిరియా రాజు పంపిన ఉత్తరము చదివి, ఇది తనతో కలహమునకే అని బట్టలు చింపుకొనెను. పత్రిక రాగానే బట్టలు చింపుకొనువారు మన పెద్దలలోను లేకపోలేదు.

ఇక మట్టల ఆదివారము. మత్తయి 21వ అధ్యాయము ప్రకారము వీధిలో జనసమూహము కేకలు వేసెను. తరువాత దేవాలయములోను ఆ హోసన్నను పాడుచున్నవారు చిన్నపిల్లలు. మన పిల్లలును అంతే. ఊరేగింపు ముగిసి మనము భోజనములకు కూర్చున్న తరువాత కూడ ఈతమట్టలు పట్టుకొని వీధిలో తిరుగుచునే యుందురు. నాడు ప్రధానయాజకులు కోపపడిరి. పిల్లలను తెచ్చినవారిని శిష్యులును గద్దించిరి; ప్రభువునకు విశ్రాంతి కలుగవలెననియే కాబోలు, చెడ్డ తలంపుతో కాకపోవచ్చును. కాని ఆయన కోపపడినది ఆ శిష్యులమీదనే.

బల్ల యెదుట చాపలు పరచి పిల్లలను కూర్చుండబెట్టుట మన పల్లె సంఘముల అలవాటు. కుర్చీలు, మైకు పెట్టెలు వచ్చినచోట ఆ చాపలు వెనుకకు జరిగినవి. కొన్నిచోట్ల వరండాలోనికి పోయినవి. అల్లరి చేయుదురని చెప్పుదురు. చేయుదురు, నిజమే. ఈ నూరేండ్ల చరిత్రలో మనము పేర్లు వ్రాసికొన్న పెద్దలలో అనేకులు ఒకప్పుడు ఆ చాపలమీద అల్లరి చేసినవారే. సంఘపెద్దలకు నా విన్నపము ఒక్కటే. వచ్చే మట్టల ఆదివారమునకు ముందు వరుస కుర్చీలు రెండు తీయించి, ఆ చాపలు దులిపి, మరల బల్ల యెదుట పరపించుడి.