వడకట్టిన నీళ్లు చాలునా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట విరేచనాల మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మన్నించాలి. వేసవి వస్తున్నది, సెలవులకు మన పిల్లలు సొంత ఊళ్లకు బయలుదేరుతారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాము?

మనలో పెద్దవారికి నారికురుపు గుర్తుండే ఉంటుంది. రాయలసీమలోను, ఇటు కర్ణాటకములోను, మహారాష్ట్రలోను దిగుడుబావి నీళ్లు తాగే ఊళ్లలో అది ఉండేది. కాలిమీద పొక్కు లేచి, చితికి, తెల్లని దారమువంటి పురుగు తల చూపేది. రెండు మూడడుగుల పొడవు! పుల్లకు చుట్టి రోజుకు కొంచెము కొంచెముగా లాగేవారు. తెగిందా, కాలు వాచి చీము పట్టేది. పిల్లవాడు వారాల తరబడి మంచము దిగేవాడు కాడు, ఇక బడి ఎక్కడిది? ఆ కాలితోనే ఎవరైనా బావిలో దిగితే పురుగు తన పిల్లలను నీటిలో వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత జలచరము మింగేది. ఆ నీళ్లు తాగినవారికి ఏడాది తిరిగేసరికి మళ్లీ కురుపు.

దానికి మందు లేదు, టీకా లేదు. అయినా పోయింది. 1983-84లో ప్రభుత్వము నిర్మూలనకు పూనుకొని దిగుడుబావులను చేదబావులుగా మార్పించింది, కడవ మూతికి బట్ట కట్టి వడపోయడము ఇంటింటా నేర్పింది. చివరి రోగి 1996లో రాజస్థానులో కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ పీడ వదిలినదని ధ్రువపరచింది. గజము బట్ట చేసిన పని చిన్నది కాదు.

అయితే ఆ బట్టమీది నమ్మకమే ఇప్పుడు మనల్ని మోసగిస్తున్నది. జియార్డియా అనే సూక్ష్మజీవి ఉన్నది. మిల్లీమీటరులో నూరవ వంతు ఉంటుంది. బట్ట దానికి వాకిలి తెరచినట్టే. కుళాయి నీళ్లలో మామూలుగా కలిపే క్లోరినుకు కూడా తొందరగా లొంగదు. చల్లని నీటిలో వారాల తరబడి బ్రతుకుతుంది. పదో పాతికో కడుపులో పడితే చాలు.

ఇది నారికురుపులాగా కంటికి కనబడే రోగము కాదు. కడుపు ఉబ్బరము, దుర్వాసనతో జిడ్డు విరేచనాలు, నాలుగు రోజులు తగ్గి మళ్లీ రావడము. తిన్నది వంటబట్టదు. పిల్లవాడు చిక్కిపోతాడు, తరగతిలో నీరసించి కూర్చుంటాడు. మనము దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పుతాము. మేమూ తిప్పినవారమే! బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసినాము కదా అంటారు కొందరు. ఆ ఒక్క మాత్ర దీనికి చాలదు. డాక్టరుకు చూపి మలపరీక్ష చేయించాలి. ఒకరోజు కనబడకపోయినా మరోరోజు బయటపడవచ్చు గనుక రెండు మూడు రోజుల నమూనాలు అడుగుతారు, విసుక్కోవద్దు.

నీళ్లు తెర్లి, ఒక నిమిషము కాగితే అది చస్తుంది. ఊరికి వెళ్లినప్పుడు అత్తగారో మేనత్తగారో "మా బావినీళ్లు అమృతము" అంటే నొచ్చుకోకుండా చెప్పి, కాచి చల్లార్చి పోయండి. దొడ్డికి వెళ్లివచ్చిన పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి, చేతులగుండా కూడా ఇది ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

ఇక మన సంఘము సంగతి. ఈ ఉదయము ఉగాది పచ్చడికి చింతపండు నానవేసిన నీళ్లు కాచినవి కావు. తప్పు మాదే. శ్రీరామనవమి పందిట్లో పానకము పోయవలసి ఉన్నది. ముందునాటి సాయంత్రమే నీళ్లు కాచి గుండిగలలో మూతపెట్టి ఉంచాలని అనుకొన్నాము. బజారు ఐసు వేయము. పానకము చల్లగా లేదని ఎవరూ అలగవద్దు. పొయ్యిదగ్గర నిలబడడానికి నలుగురు కావాలి. సభ ముగియగానే పేర్లు ఇవ్వండి.