బాధితులకు అండ: ఒప్పందం వ్రాసుకొనే ముందు

దినపత్రికలో రోడ్ల మరమ్మతు టెండర్లకూ, పాత వాహనాల వేలం ప్రకటనలకూ నడుమ అప్పుడప్పుడు ఒక చిన్న ప్రకటన కనిపిస్తూ ఉంటుంది. ఫలానా జిల్లాలో సఖి కేంద్రం నిర్వహించడానికి అర్హతగల స్వచ్ఛంద సంస్థలనుండి దరఖాస్తులు కోరడమైనదని దాని సారాంశం. గడువు తేదీ, జతపరచవలసిన పత్రాల పట్టిక, అడుగున అధికారిగారి హోదా – అచ్చులో దీనికీ పక్కనున్న టెండరుకూ భేదమేమీ ఉండదు. కాని రోడ్డు పని చెడితే మరల వేసుకొనవచ్చును. ఈ కేంద్రం గుమ్మందాకా వచ్చి, పలకరించే దిక్కులేక వెనుదిరిగిన ఆడపిల్ల మరునాడు మరల వస్తుందన్న నమ్మకం లేదు.

శ్రోతలలో అనేకులకు ఏదో ఒక మహిళా మండలితోనో, ధర్మసంస్థతోనో సంబంధం ఉండే ఉంటుంది. “మనమూ దరఖాస్తు పెడదామా?” అనే ప్రశ్న మీ సంఘ సమావేశంలో వచ్చినప్పుడు ఆలోచించదగిన నాలుగు మాటలు ఈ పూట మనవి చేస్తాను.

2012 డిసెంబరులో ఢిల్లీ నగరంలో జరిగిన దారుణం దేశాన్ని కుదిపివేసిన పిమ్మట, 2013 కేంద్ర బడ్జెటులో వెయ్యి కోట్ల రూపాయలతో నిర్భయ నిధి ఏర్పడినది. ఆ నిధి ఆధారంగా 2015 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోకి వచ్చిన పథకమే సఖి కేంద్రాలు. వైద్యం, పోలీసు ఫిర్యాదుకు సహాయం, మనోధైర్యం కలిగించే సలహా, న్యాయసహాయం, కొద్ది రోజుల ఆశ్రయం – ఇవన్నీ ఒకే కప్పు క్రింద లభించవలెనన్నది ఉద్దేశం. 2022నుండి ఇది మిషన్ శక్తి అనే పెద్ద పథకంలో భాగమైనది. కొన్నిచోట్ల ప్రభుత్వమే సిబ్బందిని నియమించుకొనగా, తెలంగాణ జిల్లాలలో పలుచోట్ల స్వచ్ఛంద సంస్థలకు నిర్వహణ అప్పగించిన పద్ధతి ఉన్నది.

పద్దెనిమిదేండ్లు నిండని పిల్లల విషయంలో మరొక ఏర్పాటు ఉన్నది. 2012నాటి పోక్సో చట్టం, దానిక్రింద 2020లో చేసిన నియమాల ప్రకారం, బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డకు ఒక సహాయక వ్యక్తిని ఇవ్వవచ్చును. దర్యాప్తు మొదలు తీర్పు వరకు వెంట ఉండి, కేసు ఎంతవరకు వచ్చినదో తల్లిదండ్రులకు తెలియజేస్తూ, కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు పక్కన నిలిచే మనిషి అన్నమాట. వ్యక్తులేకాక సంస్థలుకూడా ఈ బాధ్యత స్వీకరించవచ్చును. వారి పేర్ల పట్టిక జిల్లా బాలల పరిరక్షణ విభాగం వద్ద ఉంటుంది. ఇట్టి సహాయం దయాదాక్షిణ్యాలమీద ఆధారపడేది కాదనీ, సహాయక వ్యక్తి నియామకం ఐచ్ఛికంగా విడిచిపెట్టరాదనీ 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

ఇక దరఖాస్తు సంగతి. పత్రాలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సంస్థ రిజిస్ట్రేషను, నియమావళి, ఆడిటు అయిన లెక్కలు, దర్పణ్ అనే ప్రభుత్వ వేదికలో నమోదు సంఖ్య, ఆదాయపు పన్ను కాగితాలు – ఏ మంచి ఆడిటరైనా వారంరోజులలో సమకూర్చగలడు. సంస్థలు చతికిలబడేది పత్రాల వద్ద కాదు, ఖర్చుల అంచనా వద్ద.

ఒక చిన్న లెక్క చూడండి. కేంద్రం రాత్రింబవళ్లు తెరచి ఉండవలెను. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పని చేస్తే, ఒక్క కుర్చీ ఖాళీగా ఉండకుండా చూడడానికి ముగ్గురున్నర మనుషులు కావలెను. సెలవులు, జ్వరాలు, పండుగలు కలుపుకొంటే నలుగురు. ఒక్కరి జీతం వ్రాసి “ఇరవైనాలుగు గంటల సేవ” అని ప్రక్కన వ్రాసిన అంచనా కాగితంమీద ముచ్చటగా ఉంటుంది. అర్ధరాత్రి వచ్చిన బాధితురాలికి మాత్రం కాపలాదారు ఒక్కడే కనిపిస్తాడు.

అంచనాలో చేరని ఖర్చులు ఇంకా ఉన్నవి. వైద్యపరీక్ష సమయంలో బాధితురాలు ధరించిన దుస్తులను సాక్ష్యంగా తీసుకొంటారు. ఆమె ఏమి కట్టుకొని ఇంటికి వెళ్లవలెను? కేంద్రంలో అన్ని వయసులవారికీ సరిపోయే కొత్తబట్టలు బీరువాలో సిద్ధంగా ఉండవలెను. వాయిదా పడిన రోజుకూ బస్సు చార్జీ అవుతుంది, కోర్టు పేషీకి వెళ్లిన మనిషికి ఆ దినపు జీతమూ అవుతుంది. ఏడాదికి ఎన్ని పేషీలు, ఎంత దూరం అన్నది జిల్లా పటం ముందు పెట్టుకొని లెక్క కట్టవలసిన విషయం. ఆదిలాబాదు వంటి విశాలమైన ప్రాంతంలోని కొండగూడెంనుండి రావడం వేరు, హైదరాబాదులో సిటీబస్సు ఎక్కి రావడం వేరు.

మరొక చిక్కు, గ్రాంటు సొమ్ము వాయిదాలుగా వస్తుంది. మొదటి వాయిదాకు వినియోగ పత్రం సమర్పించి, అది ఆమోదం పొందినగాని తరువాతిది కదలదు. ఈ నడుమ జీతాలెవరు ఇస్తారు? కనీసం ఆరునెలల జీతాలకు సరిపడిన నిల్వ లేని సంస్థ ఈ పనికి చేయి చాచకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇది కఠినంగా తోచవచ్చును. కాని మూడునెలలు జీతం అందని అమ్మాయి వేరే ఉద్యోగం చూసుకొంటుంది. ఆమెతో తప్ప మరెవ్వరితోనూ నోరు విప్పని పన్నెండేళ్ల బిడ్డ, సాక్ష్యం చెప్పవలసిన దినాన కొత్త ముఖాన్ని చూస్తుంది. తక్కువ మొత్తానికి పని దక్కించుకొన్నామని సంఘంలో చప్పట్లు కొట్టుకొన్ననాడే ఈ ఫలితానికి బీజం పడుతుంది.

“సేవాభావం” అనే మాటను గూర్చి ఒక్క సంగతి. మన సంస్థలలో ఈ మాట ఎక్కువగా వినిపించేది జీతం తగ్గించే సందర్భంలోనే. సహాయక వ్యక్తికి ఇచ్చే ప్రతిఫలం నిపుణ కార్మికునికి నిర్ణయించిన కనీస వేతనంకంటె తక్కువ కాకూడదని 2020 నియమాలు చెబుతున్నవి. చదువుకూ అనుభవానికీ తగినట్లు ఉండవలెనని సుప్రీంకోర్టు అన్నది. అంచనాలో ఆ మొత్తాన్ని బిడియపడకుండా వ్రాయవలెను.

దరఖాస్తులో “సాధించిన ఫలితాలు” అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ కొన్ని సంస్థలు “రాజీ కుదిర్చిన కేసులు ఇన్ని” అని గర్వంగా వ్రాసుకొనడం కద్దు. భార్యాభర్తల కలహాలలో ఆ మాటకు చోటుంటే ఉండవచ్చును. అత్యాచారం రాజీపడదగిన నేరం కాదు. ఆ గడిలో ఆ మాట వ్రాసిన సంస్థను అధికారులు అక్కడికక్కడే పక్కన పెట్టడం న్యాయం. కబురందిన ఎన్ని గంటలలో మనిషి వెళ్లినది, ఎన్ని పేషీలకు తోడు వెళ్లినారు, మొదటిరోజు కలసిన మనిషే కడదాకా ఉన్నదా – చెప్పుకొనవలసిన లెక్కలు ఇవి.

విజయగాథల పేరుతో ఛాయాచిత్రాలు జతపరచడం మరీ ప్రమాదం. బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను క్రింద శిక్షార్హం. పేరు మార్చినంతమాత్రాన సరిపోదు. ఊరి పేరు, తండ్రి వృత్తి, బిడ్డ చదివే తరగతి వ్రాస్తే ఆ మండలంలో తెలియనివారెవరు? ప్రయాణఖర్చుల వోచర్లమీదకూడా పేరుకు బదులు సంఖ్య వేయవలెను. ఆ సంఖ్య ఎవరిదో తెలిపే పుస్తకం వేరే తాళంలో ఉండవలెను. అయితే గోప్యతకూ ఒక హద్దు ఉన్నది. బిడ్డపై నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయక తప్పదని పోక్సో చట్టం విధించినది. “ఎవరికీ చెప్పను” అని బిడ్డకు మాట ఇచ్చి, మరునాడు ఫిర్యాదు చేయడంకంటె ద్రోహం లేదు. ఏది దాచగలమో, ఏది దాచలేమో మొదటి నిమిషంలోనే చెప్పడం సిబ్బందికి నేర్పవలెను. ఆ శిక్షణకూ అంచనాలో ఒక పద్దు ఉండవలెను.

సహాయక వ్యక్తి వద్దని బిడ్డా, తల్లిదండ్రులూ కోరవచ్చును. కారణం చెప్పవలసిన పని బిడ్డకు లేదు. సంస్థలు దీనిని అవమానంగా తలచడం చూస్తూ ఉంటాము. ఎవరి మాటా చెల్లని స్థితినుండి వచ్చిన బిడ్డకు, తన మాట చెల్లిన మొదటి సందర్భం బహుశా అదే కావచ్చును. ఒకరిని వద్దన్నప్పుడు పంపడానికి మరొకరు ఉన్నారా అన్నదే సంస్థ చూసుకొనవలసినది.

ఒప్పందాలు సాధారణంగా ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటాయి. కేసులకు మార్చి 31తో నిమిత్తం లేదు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియవలెనని చట్టంలో ఉన్నా, అంతకు మించి సాగేవి అనేకం. ఒప్పందం ముగిసినా, కొత్త సంస్థ వచ్చినా, నడుస్తున్న కేసులలో పాత మనిషినే తీర్పు వరకు కొనసాగించి జీతమిచ్చే షరతు ఉన్నదా అని ప్రకటనలో వెదకండి. లేకపోతే, దరఖాస్తుల గడువుకు ముందే కార్యాలయానికి లేఖ వ్రాసి అడగండి. జవాబు నోటిమాటగా కాక, సంతకంతో తీసుకొని దరఖాస్తుకు జతపరచండి.