టులెట్ బోర్డు దగ్గర రేసిజం

ఇవాళ్టి టాపిక్ రేసిజం. "అది అమెరికా గొడవ, పంజాగుట్టలో మనకెందుకు?" అనుకోకండి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సులు నేర్చుకునేవాళ్లలో ఎంతోమంది కల అమెరికానే కదా!

2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రం, ఒలేతా ఊరు. హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్ ఆఫీసయ్యాక ఫ్రెండ్‌తో బార్‌లో కూర్చున్నాడు. ఒకడొచ్చి "మా దేశం నుంచి పొండి" అని కాల్చేశాడు. శ్రీనివాస్ చనిపోయాడు. కాల్చినవాణ్ని పట్టుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల కుర్రాడికీ తూటా తగిలింది. హంతకుడు వీళ్లని ఇరాన్ వాళ్లనుకున్నాడు! అంటే పేరు, చదువు, ఉద్యోగం ఏదీ లెక్కలోకి రాలేదు. ఒంటి రంగు ఒక్కటే చూశాడు.

అప్పుడు మనందరికీ కడుపు మండింది. మండాలి కూడా. మరి అదే కొలత మన గల్లీకి పెడదామా?

ఆఫ్రికా స్టూడెంట్ ఫోన్ చేస్తే ఇల్లు ఖాళీగానే ఉంటుంది. మనిషి గేటు దగ్గరికి రాగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. మణిపూర్ అమ్మాయి కనిపిస్తే "చైనానా?" అని నవ్వుతారు. తుపాకీ లేదు, నిజమే. కానీ చూపు అదే.

ఆఫ్రికా వాళ్లు మనకి కొత్తేం కాదు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల పేట అది. మన బరాత్‌లో మోగే మర్ఫాలో వాళ్ల దెబ్బ ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఇల్లు దొరకని స్టూడెంట్ సోషల్ వర్కర్ దగ్గరికొచ్చాడు. ధైర్యం చెప్పి, ఇంకో ఏరియాలో గది చూపించొచ్చు. అది సాయమే. కానీ రేపు వచ్చే కుర్రాడికీ ఆ గేటు మూసే ఉంటుంది. అందుకే ఓనర్‌తో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో, కాలేజీతో కూర్చుని ఆ పద్ధతినే మార్పించాలి. యాంటీ రేసిస్ట్ సోషల్ వర్క్ అంటే ఇదే. 1968లో అమెరికా నల్లజాతి సోషల్ వర్కర్లు సొంత సంఘం పెట్టుకున్నారు. సంక్షేమ రంగంలోనే రేసిజం ఉంది, ముందు దాన్ని సరిచేయండి అన్నారు.

చట్టం చూసుకుంటుందిలే అంటారా? రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం జాతి పేరుతో ఏ భారత పౌరుణ్నీ షాపులోకి, హోటల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. అద్దె ఇల్లు అన్న మాట మాత్రం అందులో లేదు. ఆ ఖాళీ నింపాల్సింది మనమే.

మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఆఫ్రికన్స్‌కి ఇవ్వొద్దు" అని మెసేజ్ వస్తే, చూసి వదిలేయకండి. "ఎందుకండీ?" అని ఒక్క ముక్క అడగండి. ఎవరికైనా అవమానం జరిగితే, ఏం చేద్దామో ముందు వాళ్లనే అడగండి. స్టేషన్‌కి వెళ్తానంటే తోడు వెళ్లండి. వాళ్ల మాట తెలుగులో చెప్పిపెట్టండి, వాళ్ల బదులు మీరు మాట్లాడకండి. గౌరవం మనం పెట్టే భిక్ష కాదు, అది వాళ్లదే.