గీతకో రంగు

విశాఖ మధురవాడలోని ఐటీ కొండల మీద పనిచేసేవారికి ఎక్సెల్ గ్రాఫ్ కొత్త కాదు. అందులో గీతల రంగులు ఎవరు నిర్ణయించాలన్నదే ఆలోచించాల్సిన విషయం.

విశాఖ గాలిలో ధూళి లెక్కలకు గ్రాఫ్ గీస్తున్నారనుకోండి. పోర్టు ప్రాంతానికొక గీత, గాజువాకకొకటి, మధురవాడకొకటి. ఎక్సెల్ మామూలుగా మొదటిదానికి నీలం, రెండోదానికి నారింజ ఇస్తుంది. మధ్యలో ఇంకో ప్రాంతాన్ని చేర్చారా, రంగులు పక్కకు జరిగిపోవచ్చు. నిన్నటి నివేదికలో నారింజ అంటే గాజువాక, ఇవాళ మరొకటి. చదివేవారు తికమకపడరూ?

అందుకే రంగు మనమే ఖాయం చేయాలి. గీత మీద మౌస్ కుడి బటన్ నొక్కి, 'ఫార్మాట్ డేటా సిరీస్' తెరిచి, కావలసింది ఎంచుకుంటే సరి.

ఏ రంగు? మన గాలి నాణ్యత సూచీలో 0 నుంచి 50 వరకు ఆకుపచ్చ, 301 నుంచి 400 వరకు ఎరుపు. వాతావరణ శాఖ హెచ్చరికల్లోనైతే ఎరుపే అన్నిటికన్నా తీవ్రం. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఇది చెప్పనక్కర్లేదు. కాబట్టి ఒక ప్రాంతం పేరుకు ఎరుపు తగిలించడం నాకు సమ్మతం కాదు. గాలి బాగున్న రోజునా ఆ గీత ప్రమాదంలా కనిపిస్తుంది.

ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించేవారు మన మధ్య ఉన్నారు, మగవారిలో ఎక్కువ. జపాన్ శాస్త్రవేత్తలు ఒకాబే, ఇటో వీరిని దృష్టిలో పెట్టుకుని రంగుల వరుస ఒకటి కూర్చారు. అందులోని నీలానికి ఎరుపు 0, ఆకుపచ్చ 114, నీలం 178. సింధూరానికి 213, 94, 0. రంగు ఎంచుకునే చోట ఉండే 'మోర్ కలర్స్'లో ఈ అంకెలు వేయండి. నలుపు తెలుపు ప్రింటు తీసేటప్పుడు ఇవీ చాలవు. ఒక గీతను చుక్కలుగా మార్చి, ప్రాంతం పేరు గీత చివరే రాయండి.