సెప్టెంబర్ 17 తర్వాతి వారాలు
(పటేల్‌గూడ స్మారకోపన్యాసం)

 నాకు చదువు చెప్పిన సారు పేరిట మాట్లాడమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన చదువు ఎంతటిదో ఈ ఊరికి నేను చెప్పనక్కర్లేదు. నాకు గుర్తున్నది ఆయన చేతిరాత. హాజరుపట్టీ ఉర్దూలో, మార్కులు తెలుగులో రాసేవారు. 1948 గురించి అడిగితే చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "చదువుకొని రా, అప్పుడు మాట్లాడుదాం" అనేవారు. చదువుకున్నాను. ఆయన లేరు కాబట్టి మీతో మాట్లాడుతున్నాను.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలన్న తగవులోకి దిగను. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఒక పేరుతో జరిపింది, కేంద్రం పరేడ్ గ్రౌండ్‌లో మరో పేరుతో జరిపింది, 2024లో మూడో పేరు వచ్చింది. వెట్టిచాకిరి, తెలుగు పట్ల చిన్నచూపు, 1930లో మన జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ, రజాకార్ల దౌర్జన్యాలు, 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి మారణకాండ, అన్నీ మీకు తెలిసినవే. వాటిలో ఒక్కదాన్ని కూడా తగ్గించి చెప్పడానికి నేను రాలేదు.

నా తగవు 17 తర్వాతి వారాల గురించి. ఆ వారాల్లో ముస్లింలను ఊళ్లకు ఊళ్లలో చంపారు. మన పండితులు ఏళ్లుగా దీనికి ఒకటే జవాబు చెబుతున్నారు: "అది మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో జరిగింది, మన తెలంగాణలో కాదు."

పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా మిస్రీలతో కూడిన బృందం ఆ చావులను విచారిస్తూ 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా సంస్థానంలో తిరిగింది. 16 జిల్లాల్లో 9 చూసింది. తాము వెళ్లలేకపోయిన 109 ఊళ్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషుల్ని విచారించింది. తన నివేదికలో, మొత్తం సంస్థానంలో తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలోనే 18 వేలు. ఆ తర్వాతి వరసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్‌లు కలిపి కనీసం 5 వేలు. ఆనాటి మెదక్ జిల్లాకు సంగారెడ్డే కేంద్రం.

ఇంకోటి వినండి. జహీరాబాద్, నారాయణఖేడ్ 1948లో మెదక్‌లో లేవు, బీదర్ జిల్లాలో ఉన్నాయి. 1956 పునర్విభజనలో ఇటు వచ్చాయి. అంటే 2016లో ఏర్పడిన మన సంగారెడ్డి జిల్లా ఆ నివేదికలోని రెండు వరసల నేలనూ కలుపుకొని ఉంది. "మన దగ్గర కాదు" అనే మాట ఈ జిల్లాలో నిలబడదు.

"అది అంచనాయే, లెక్క కాదు కదా" అంటారు. అవును, అంచనాయే. ప్రభుత్వం లెక్క తీయలేదు కాబట్టి అంచనా మిగిలింది. "రజాకార్ల సంగతి వదిలేశారు" అంటారు. సర్దార్ పటేల్ కూడా ఈ ఆక్షేపణతోనే నివేదికను ఒప్పుకోలేదు. కానీ రజాకార్లు ఊళ్లమీద నెలవారీ సొమ్ము ఎలా విధించారో, ఇవ్వని ఊళ్లను ఎలా దోచుకున్నారో అదే నివేదికలో రాసి ఉంది. 1988లో ఒమర్ ఖాలిది సంకలనంలో కొంత భాగం అచ్చయింది. తర్వాత న్యాయవాది ఎ.జి. నూరానీ పుస్తకంలో పూర్తిగా వచ్చింది. చదవకుండా కొట్టిపారేసే రోజులు పోయాయి.

మూడో ఆక్షేపణ బరువైనది: "ముందు వాళ్లు భైరాన్‌పల్లిని ఒప్పుకోనీ, తర్వాత మనం ఇది ఒప్పుకుందాం." ఇక్కడ మిమ్మల్ని కాసేపు పాలస్తీనాకు తీసుకెళ్లాలి. 1948 సెప్టెంబర్ 17నే జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి బెర్నడాట్‌ను యూదు తీవ్రవాద దళం లేహీ చంపింది. సుందర్‌లాల్ బృందం మన జిల్లాల్లో తిరుగుతున్న డిసెంబర్ 11న సమితి శరణార్థుల తిరిగిరాకపై 194వ తీర్మానం చేసింది. అప్పటికి ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పాలస్తీనీయులు దాదాపు 7 లక్షలు. 1993లో పాలస్తీనా నేత అరాఫత్, ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ ఉత్తరాలు మార్చుకున్నారు. ఒకరు ఇజ్రాయెల్ ఉనికి హక్కును, మరొకరు పాలస్తీనా విమోచన సంస్థ ప్రాతినిధ్యాన్ని ఒప్పుకున్నారు. ఆ ఉత్తరాల్లో చచ్చిపోయినవాళ్ల ఊసు లేదు. నువ్వు ఇంత ఇస్తే నేను ఇంత ఇస్తానన్న బేరంగానే గుర్తింపు సాగింది. 2014 మార్చిలో అల్ ఖుద్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మొహమ్మద్ దజాని పాలస్తీనా విద్యార్థులను నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు తీసుకెళ్లాడు. యూదుల చావును చూసొస్తే తమ గోడు చిన్నదైపోతుందని ఆయన అనుకోలేదు. ఆయన మీద దుమారం లేచింది, కొలువు వదిలేశాడు. ఆయన ఎవరి వంతు ముందని అడగలేదు. నేనూ అడగను. 2023 అక్టోబర్ 7న చనిపోయిన ఇజ్రాయెలీలకూ, ఆ తర్వాత గాజాలో చనిపోయిన వేలవేల మందికీ ఆ వరస పెట్టడం నాకు చేతకాదు.

మళ్లీ మన దగ్గరికి వస్తే, రజాకార్లను ఎదిరించి రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపినవాళ్లు రజాకార్లే. ఆయన మనకు వంతు పెట్టి ప్రాణమిచ్చాడా? సుందర్‌లాల్ నివేదికలో నన్ను పట్టి నిలిపే భాగం ఒకటుంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లను హిందూ మూకల నుంచి కాపాడారు, ఆ పనిలో తమ ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఎత్తుకుపోయిన ముస్లిం ఆడవాళ్లను తిరిగి ఇళ్లకు చేర్చడంలో ఎందరో హిందువులు సాయపడ్డారు. ఈ మనుషుల పేర్లు ఏ స్తూపం మీదా లేవు.

ఆ పేర్ల కోసమే ఇప్పుడు తిరుగుతున్నాను. ఊరికొక నోటుబుక్కు పెట్టాను. రజాకార్ల చేతుల్లో పోయినవాళ్లు, సెప్టెంబర్ 17 తర్వాత పోయినవాళ్లు, అడ్డం నిలబడ్డవాళ్లు, అందరూ ఒకే పుస్తకంలో ఉంటారు. దారి చూపుతున్నవి భూమి కాగితాలు. పాత సర్వే రికార్డు సేత్వార్‌లో ఉండి 1954-55 ఖాస్రా పహాణీలో లేని ముస్లింల పేర్లను పక్కన రాసుకుంటున్నాను. పేరు లేనంత మాత్రాన చంపేశారని కాదు. వలస పోయి ఉండవచ్చు, అమ్ముకొని ఉండవచ్చు. కానీ ఎవరిని అడగాలో ఆ పేరు చెబుతుంది.

ఈ పక్కన ఫ్యాక్టరీలొచ్చి, వెంచర్లొచ్చి పాత ఊళ్ల యాది చెదిరిపోయిందని అందరూ అంటారు. కానీ భూమి ధర పెరిగిన పుణ్యాన పటాన్‌చెరు, అమీన్‌పూర్, పటేల్‌గూడల్లో ప్రతి ఇంటి బీరువాలో లింకు డాక్యుమెంట్లున్నాయి, సేత్వార్ నకళ్లున్నాయి. ఖబరస్తాన్ చూసుకునే పెద్దమనుషులున్నారు, పాత పట్వారీల ఇళ్లున్నాయి. జహీరాబాద్ వైపు పని మొదలైంది. దసరా దాటాక ఇటు వస్తాను. ఆ ఫైళ్లు ఒక్క పూట నా ముందు పెట్టండి, మీ ఎదుటే చూసి మీ చేతికే ఇస్తాను.